డేటా అర్థాన్ని బట్టి నడిచే వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇది దేని గురించి? ఒక్క ఉదాహరణతో చెప్పండి.

ఒక కోల్డ్ స్టోరేజీ గది అనుకోండి. లోపల ఒక సెన్సర్ సెకనుకోసారి ఉష్ణోగ్రత పంపుతూ ఉంటుంది, అంటే రోజుకి 86,400 సార్లు. గది బాగున్నంతసేపూ అది చెప్పేది ఒకటే మాట: 4 డిగ్రీలు, 4 డిగ్రీలు, 4 డిగ్రీలు. ఏదో ఒక రాత్రి తలుపు సరిగ్గా పడక లోపల వేడి పెరగడం మొదలవుతుంది. ఆ రోజు మొత్తానికి నిజంగా పనికొచ్చేవి అప్పుడు వచ్చే ఐదారు రీడింగులే. కానీ నెట్‌వర్క్ కంటికి ఆ 86,400 ప్యాకెట్లూ ఒకటే. అదే సైజు, అదే క్యూ, అదే ప్రాధాన్యం.

ఏ ప్యాకెట్ చేరకపోతే ఎవరికి ఎంత నష్టమో చూసి, దాన్ని బట్టి స్పెక్ట్రమ్‌నీ పవర్‌నీ క్యూలో చోటునీ పంచాలి అన్నదే ఈ ఆలోచన. పరిశోధకులు దీన్ని సెమాంటిక్ కమ్యూనికేషన్ అనీ గోల్ ఓరియెంటెడ్ కమ్యూనికేషన్ అనీ రెండు పేర్లతో పిలుస్తారు. ఆ రెండూ ఒకటి కావు, కింద చెప్తాను.

మరి ఇన్నాళ్ళూ అర్థాన్ని ఎందుకు పక్కన పెట్టారు?

తెలిసే పెట్టారు. 1948లో గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ తన సమాచార సిద్ధాంతాన్ని (ఇన్ఫర్మేషన్ థియరీ) ప్రకటించినప్పుడు, ఇంజనీరింగ్ సమస్య వరకూ సందేశం అర్థంతో పని లేదని మొదట్లోనే తేల్చి చెప్పాడు. ఆ ఒక్క నిర్ణయం వల్లే ఉత్తరాన్నీ పాటనీ బొమ్మనీ ఒకే కొలతతో, బిట్లతో, కొలవగలిగాం. ఇవాళ మన చేతిలో ఉన్న ప్రతి రేడియో లింకూ దాని మీదే నిలబడింది, కాబట్టి "షానన్ తప్పు చేశాడు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

1949లో మరో గణిత శాస్త్రవేత్త వారెన్ వీవర్ ఈ విషయాన్నే మూడు మెట్లుగా విడదీశాడు. గుర్తులు ఎంత కచ్చితంగా చేరాయన్నది మొదటి మెట్టు. ఆ గుర్తులు అనుకున్న అర్థాన్ని మోశాయా అన్నది రెండోది. ఆ అర్థం అవతలివాళ్ళ చేత అనుకున్న పని చేయించిందా అన్నది మూడోది. మనం డెబ్భై ఏళ్ళకి పైగా మొదటి మెట్టు మీదే పనిచేశాం. 1952లో కార్నాప్, బార్-హిల్లెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు రెండో మెట్టుకి తర్కంతో ఒక లెక్క కట్టబోయారు, అందులో తనను తానే ఖండించుకునే వాక్యానికి అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఉన్నట్టు తేలింది. అర్థాన్ని అంకెల్లో పెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

అంటే వైర్‌లెస్‌కి ఇది పూర్తిగా కొత్త సంగతా?

కాదు, చాలామంది ఈ విషయం మర్చిపోతారు. పాత 2జీ జీఎస్ఎమ్ ఫోన్ కాల్ సంగతే చూడండి. ఫుల్ రేట్ కోడెక్, అంటే మాటని బిట్లుగా మార్చే పద్ధతి, ప్రతి 20 మిల్లీసెకన్ల మాటని 260 బిట్లు చేసేది. ఆ 260లో చెవికి అన్నిటికంటే ముఖ్యమైన 50 బిట్లకి తప్పు పట్టుకునే సీఆర్‌సీతో పాటు గట్టి కోడింగ్ (తప్పుల్ని సరిదిద్దే అదనపు బిట్లు) ఉండేది, తర్వాతి 132కి కోడింగ్ మాత్రమే, చివరి 78 బిట్లకి ఏ రక్షణా లేదు, పోతే పోయాయి. అంటే బిట్లన్నీ సమానం కావని 2జీ ఇంజనీర్లకి బాగా తెలుసు.

ఇంకో మంచి పని కూడా చేశారు. మీరు మాట్లాడనప్పుడు ఫోన్ దాదాపు ఏమీ పంపదు, దాంతో బ్యాటరీ మిగులుతుంది, పక్కవాళ్ళకి ఇంటర్‌ఫియరెన్స్ తగ్గుతుంది. కానీ అవతలి చెవిలో పూర్తి నిశ్శబ్దం ఉంటే కాల్ కట్ అయిందేమో అని జనం కంగారు పడతారు, అందుకని అప్పుడప్పుడూ ఒక చిన్న ఫ్రేమ్ పంపి, దాన్ని బట్టి అవతలి ఫోనే కాస్త సన్నని గుయ్యిమనే శబ్దాన్ని తయారుచేసి వినిపిస్తుంది. మాటకి ఇంత శ్రద్ధ పెట్టిన మనం, ప్యాకెట్ డేటా దగ్గరికొచ్చేసరికి లోపల ఏముందో మాకు అనవసరం అనేశాం. ఇప్పుడు జరుగుతున్నది ఆ పాత శ్రద్ధని డేటాకి కూడా తీసుకురావడమే అని నేను అనుకుంటాను.

5జీలో క్యూఓఎస్, స్లైసింగ్ ఉన్నాయిగా, ఇక కొత్తగా కావాల్సిందేంటి?

క్యూఓఎస్ అంటే ఏ ట్రాఫిక్‌కి ఎంత నాణ్యత అన్న హామీ, స్లైసింగ్ అంటే ఒకే నెట్‌వర్క్‌ని వేర్వేరు అవసరాలకి భాగాలుగా పంచడం. అవి ఉండాల్సినవే, కానీ అవి పని చేసేది ఫ్లో మొత్తం మీద, అంటే ఒకే రకం సేవ కోరే ప్యాకెట్ల ధార మొత్తం మీద. 5జీలో ప్రతి ఫ్లోకీ 5క్యూఐ అని ఒక నంబరు ఉంటుంది, ఎంత ఆలస్యం ఓర్చుకోగలదు, ఎన్ని ప్యాకెట్లు పోవచ్చు అన్నది దాన్నిబట్టి తేలుతుంది. అత్యంత నమ్మకమైన సర్వీస్‌కి పెట్టుకున్న లక్ష్యం 32 బైట్ల సందేశం 1 మిల్లీసెకనులో 99.999 శాతం సార్లు చేరడం. గొప్ప లక్ష్యమే. కానీ ఆ 32 బైట్లలో "మార్పేమీ లేదు" అని ఉన్నా "వెంటనే ఆపు" అని ఉన్నా నెట్‌వర్క్ ఒకే ఖర్చు పెడుతుంది.

ఇందులో కొంత కదలిక మొదలైంది. మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ 3జీపీపీ తెచ్చిన రిలీజ్ 18లో ఎక్స్‌ఆర్ (వీఆర్, ఏఆర్ లాంటివి) కోసం పీడీయూ సెట్ అనే పద్ధతి వచ్చింది. వీడియోలో ఒక ఫ్రేమ్ పది పన్నెండు ప్యాకెట్లుగా వస్తుందనుకోండి, అందులో ఒకటి పోతే మిగతావి చేరినా చాలాసార్లు వృథానే. కాబట్టి ఆ గుంపుని ఒక్కటిగా చూడడం, దానికి ఎంత ప్రాముఖ్యం ఉందో ఒక గుర్తు పెట్టడం, రద్దీ ఎక్కువైతే తక్కువ ప్రాముఖ్యం ఉన్న గుంపుని ముందు వదిలేయడం అన్నమాట. మిగతా ఫ్రేములకి ఆధారంగా నిలిచే ఐ-ఫ్రేమ్ పోతే తర్వాతవన్నీ చెడతాయి, ఎవరూ ఆధారపడని ఫ్రేమ్ పోతే కన్ను పట్టుకోలేదు. ప్రామాణిక పత్రాల్లో "సెమాంటిక్" అన్న మాట వాడకుండానే అర్థం లోపలికి వచ్చేసింది.

అర్థం అంటున్నారు, ఎవరికి అర్థం?

నన్నడిగితే ఇదే అసలు ప్రశ్న, మిగతావన్నీ దీని తర్వాతే. కూడలిలో ఒక కెమెరా ఉంది. సిగ్నల్ టైమింగ్ మార్చే సాఫ్ట్‌వేర్‌కి దాని నుంచి కావాల్సింది ఏ వైపు ఎన్ని బళ్ళున్నాయన్న నాలుగు అంకెలు. అంబులెన్స్‌కి దారి ఇచ్చే వ్యవస్థకి కావాల్సింది ఒకే ఒక్క బిట్, వస్తోందా లేదా, అదీ సమయానికి రావాలి. ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసేవాళ్ళకి ప్రతి పిక్సెలూ కావాలి, ఓ గంట ఆలస్యంగా వచ్చినా పర్లేదు. బొమ్మ ఒకటే, అర్థాలు మూడు.

అంటే అర్థం డేటాలో లేదు, డేటాకీ దాన్ని వాడేవాళ్ళ పనికీ మధ్య ఉంది. సెమాంటిక్, గోల్ ఓరియెంటెడ్ అన్న పదాల తేడా ఇక్కడే వస్తుంది: మొదటిది పంపినవాళ్ళు చెప్పదలచుకున్న భావం అవతలికి చేరిందా అని చూస్తుంది, రెండోది అవతలివాళ్ళు తీసుకోవాల్సిన నిర్ణయానికి చాలినంత చేరిందా అని మాత్రమే చూస్తుంది. మెషీన్లు మెషీన్లతో మాట్లాడే చోట రెండోదే ఎక్కువ పనికొస్తుంది, దాన్ని కొలవడం కూడా తేలిక. ఎవరైనా "మా నెట్‌వర్క్ అర్థాన్ని గుర్తుపడుతుంది" అని చెబితే "ఏ పనికి?" అని అడగండి. జవాబు లేకపోతే అక్కడ చెప్పేదేమీ లేదని అర్థం.

తాజాదనం, ఏజ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అంటారు, అదేంటి?

అవతలివాళ్ళ దగ్గరున్న ఆఖరి సమాచారం పుట్టి ఎంతసేపైంది అన్నదే ఏజ్. ఇది డిలే కాదు. డిలే అంటే ఒక ప్యాకెట్ ప్రయాణానికి పట్టిన టైమ్. మీరు గంటకోసారి పంపితే డిలే 5 మిల్లీసెకన్లే ఉన్నా అవతలివాళ్ళు గంట పాత సంగతి చూస్తూ కూర్చోవచ్చు.

సరే, అయితే ఎంత వేగంగా పంపగలిగితే అంత మంచిదా అంటే, కాదు. 2012లో కౌల్, యేట్స్, గ్రుటెసర్ అనే ముగ్గురు దీన్ని లెక్కగట్టి చూపించారు. వచ్చిన వరసలో పంపే మామూలు క్యూలో, రాకలూ సర్వీసు సమయాలూ రెండూ యాదృచ్ఛికంగా ఉన్నప్పుడు, లింకుని సుమారు 53 శాతం మాత్రమే నింపితే సగటు ఏజ్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. తక్కువ పంపితే కొత్త సంగతి ఉండదు, ఎక్కువ పంపితే కొత్త సంగతి పాత సంగతుల వెనక క్యూలో నిలబడి అక్కడే పాతబడిపోతుంది. లింకుని నూటికి నూరుపాళ్ళూ వాడుకోవడమే గొప్ప అనుకునే మన అలవాటుకి ఇది గట్టి దెబ్బ.

నేను దీన్ని కళ్ళారా చూశాను. ఒకసారి నేను పనిచేసిన సెన్సర్ నెట్‌వర్క్‌లో లింకు ఇరవై నిమిషాలు పోయింది. తిరిగి రాగానే పరికరం ఎంతో నమ్మకంగా, దాచిపెట్టిన పాత రీడింగులన్నీ వరసగా పంపడం మొదలుపెట్టింది. అలారం ఆ వరసలో చిట్టచివర ఉంది. ప్యాకెట్ ఒక్కటి కూడా పోలేదు, రిపోర్టులో డెలివరీ నూరు శాతం. అయినా ఆ అలారం చేరేసరికి దానితో చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు. ఆ రోజు నుంచి డెలివరీ శాతం అన్న అంకెని ఒక్కదాన్నే చూసి తృప్తి పడడం మానేశాను.

2020లో ఇంకో అడుగు వేసి ఏజ్ ఆఫ్ ఇన్‌కరెక్ట్ ఇన్ఫర్మేషన్ అనే కొలత తెచ్చారు. సమాచారం పాతదైనా ఇప్పటికీ నిజమే అయితే నష్టమేంటి? అవతలివాళ్ళు ఎంతసేపు తప్పులో ఉన్నారు అన్నదే ఇందులో లెక్క. కోల్డ్ స్టోరేజీకి సరిపోయే కొలత ఇదే.

మారినప్పుడు మాత్రమే పంపితే సరిపోదా?

దాదాపు సరిపోతుంది, పైగా చాలా డబ్బు మిగులుతుంది. కానీ సెన్సర్ మాట్లాడకపోతే మార్పు లేదనా, సెన్సర్ చచ్చిపోయిందనా? జీఎస్ఎమ్ కాల్‌లో వచ్చిన సమస్యే ఇది. అందుకే అప్పుడప్పుడూ "బతికే ఉన్నాను" అనే చిన్న హార్ట్‌బీట్ తప్పనిసరి, ఎంత తరచుగా అంటే, సెన్సర్ పోయిన సంగతి మీకు ఎంతసేపట్లో తెలియాలో అంత.

ఇది కంప్రెషనే కదా?

కంప్రెషన్ డేటాని చిన్నది చేస్తుంది. ఇక్కడ ముందు అడిగేది అసలు పంపాలా, ఇప్పుడే పంపాలా, పోతే మళ్ళీ పంపాలా అని. పంపకుండా ఉండగలిగిన ప్యాకెట్ కంటే చిన్న ప్యాకెట్ లేదు.

డీప్ లెర్నింగ్‌తో నేరుగా అర్థాన్నే పంపుతారట, నిజమేనా?

ల్యాబుల్లో నిజమే. మామూలుగా ముందు డేటాని కుదించి, తర్వాత విడిగా ఛానల్ కోడింగ్ చేస్తాం, అంటే దారిలో వచ్చే తప్పుల్ని తట్టుకునేలా అదనపు బిట్లు కలుపుతాం. అలా విడదీసినా నష్టం లేదని షానన్ సిద్ధాంతమే చెబుతుంది, కానీ అది ఒకేసారి కోడ్ చేసే డేటా బ్లాకులు ఎంతైనా పొడుగ్గా ఉండగలిగినప్పుడు. చిన్న సందేశాలకీ తొందర పనులకీ ఆ హామీ లేదు. 2019లో వచ్చిన డీప్ జేఎస్‌సీసీ పని ఈ రెండింటినీ ఒకే న్యూరల్ నెట్‌వర్క్‌లో కలిపి, బొమ్మ పిక్సెళ్ళని నేరుగా రేడియో సింబళ్ళుగా మార్చి చూపించింది. దాంతో వచ్చిన లాభం ఏంటంటే, మామూలు డిజిటల్ లింకులో సిగ్నల్ ఒక హద్దు దాటి పడిపోతే బొమ్మ ఒక్కసారిగా పోతుంది, ఇక్కడ మెల్లమెల్లగా మసకబారుతుంది. 2021లో డీప్ఎస్‌సీ అనే పని ఇదే పద్ధతిని వాక్యాలకి పట్టుకొచ్చింది, అక్షరాలు కాకుండా భావం దగ్గరగా ఉందా అని చూస్తూ శిక్షణ ఇచ్చింది.

నాకు ఇక్కడ నిజంగా భయం ఉంది, దాచను. మామూలు లింకులో తప్పు జరిగితే సీఆర్‌సీ పట్టుకుంటుంది, ప్యాకెట్ చెడిందని అందరికీ తెలుస్తుంది. న్యూరల్ డీకోడర్ తప్పు చేస్తే చక్కటి, నున్నని, నమ్మబుద్ధేసే వాక్యం బయటికొస్తుంది. "వాల్వ్ మూయవద్దు" అన్నది "వాల్వ్ మూయండి" అయిందనుకోండి, పదాల పోలికని కొలిచే స్కోరు ఆ రెండింటినీ దాదాపు ఒకటే అంటుంది. ఈ తప్పుని ఎలా పట్టుకోవాలో తేలేదాకా ప్రాణాలతో ముడిపడ్డ ఏ ఆదేశాన్నీ ఈ దారిలో పంపకూడదు.

పైగా రెండు వైపులా మోడల్ ఒకటే ఉండాలి. ఒకవైపు అప్‌డేట్ అయి రెండోవైపు కాకపోతే ఒకరిది ఒక భాష, ఇంకొకరిది ఇంకో భాష. ఆ మోడళ్ళని పంచడానికి అయ్యే డేటా ఖర్చు కూడా లెక్కలో వెయ్యాలి, చాలా చోట్ల వెయ్యరు.

అయితే వేటికి వాడకూడదు?

డబ్బు లావాదేవీలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, ఎన్‌క్రిప్షన్ కీలు, సంతకాలు, వైద్య రికార్డులు. అక్కడ ఒక్క బిట్ మారినా భావం దగ్గరగా ఉందంటే కుదరదు. అయితే వాటికి కూడా ఎప్పుడు పంపాలి అన్న నిర్ణయంలో అర్థాన్ని చూడొచ్చు. అప్‌డేట్ రాత్రికి వెళ్ళినా పర్లేదు, లావాదేవీ ఇప్పుడే వెళ్ళాలి.

ప్యాకెట్లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. నెట్‌వర్క్‌కి అర్థం ఎలా తెలుస్తుంది?

తెలియక్కర్లేదు, తెలియకూడదు కూడా. అర్థం గురించి మాట్లాడగానే చాలామంది నెట్‌వర్క్ లోపలికి తొంగిచూడాలేమో అనుకుంటారు. డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి పంపే టీఎల్ఎస్, క్విక్ ప్రోటోకాళ్ళు వచ్చాక ఆ దారి దాదాపు మూసుకుపోయింది, మంచిదే అయింది. చెప్పాల్సింది అప్లికేషన్. కవరు విప్పకుండా పైన రాసిన మాట చదివినట్టు, ఇది ఎంత ముఖ్యం, ఎంతసేపటి తర్వాత పనికిరాదు అన్న రెండు గుర్తులు బయట ఉంటే చాలు.

అప్పుడు ప్రతి యాప్ "నాదే అత్యవసరం" అనదా అంటే, అంటుంది. అందుకే పీడీయూ సెట్ ప్రాముఖ్యాన్ని అదే ఫ్లో లోపల ఒకదానితో ఒకటి పోల్చేలా పెట్టారు. అన్నీ ముఖ్యం అన్నవాడు తన ప్యాకెట్లలో ఏది వదిలేయాలో తనే చెప్పనట్టు, నష్టం అతనికే. ఈ ఒక్క నియమం నాకు చాలా నచ్చింది.

గుర్తులు కూడా గుట్టు విప్పుతాయి, అది మర్చిపోవద్దు. మార్పు ఉన్నప్పుడే పంపే సెన్సర్లున్న ఇంటిని బయటి నుంచి గమనిస్తే, ప్యాకెట్ల కదలికని బట్టే లోపల మనుషులు ఎప్పుడు తిరుగుతున్నారో తెలిసిపోతుంది. దాచాలంటే ఉత్తుత్తి ప్యాకెట్లు కలపాలి, కలిపితే మిగిలిన లాభంలో కొంత పోతుంది. ఎంత వదులుకుంటారన్నది ఆ ఇంటివాళ్ళు తేల్చాల్సిన విషయం, ఆపరేటర్ కాదు.

నెట్‌వర్క్ నడిపేవాళ్ళ రోజువారీ పనిలో ఏం మారుతుంది?

మూడు వేగాల్లో మారుతుంది. బేస్ స్టేషన్ షెడ్యూలర్ 1 మిల్లీసెకను లోపు స్లాట్లలో నిర్ణయాలు తీసుకుంటుంది, అక్కడ ఎవరినీ అడిగే తీరిక ఉండదు, కాబట్టి ప్యాకెట్ మీదున్న గుర్తే దిక్కు. ఓ-ర్యాన్‌లో (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసేలా చేసిన రేడియో నెట్‌వర్క్ నిర్మాణంలో) నియర్ రియల్ టైమ్ కంట్రోలర్ 10 మిల్లీసెకన్ల నుంచి 1 సెకను మధ్య పనిచేస్తుంది, ఏ గుర్తుకి ఎంత విలువ ఇవ్వాలో సర్దడం దాని పని. సెకనుకి పైబడిన నిర్ణయాలు, అంటే పాలసీలూ మోడల్ శిక్షణా, నాన్ రియల్ టైమ్ కంట్రోలర్‌కి. ఈ మూడింటినీ కలిపేసి ఒక పెద్ద ఏఐ అన్నీ చూసుకుంటుంది అనే బొమ్మలు చూస్తే నాకు నమ్మకం కలగదు.

నెట్‌వర్క్ తన గురించి తాను పంపుకునే డేటా కూడా తక్కువేం కాదు. ఛానల్ ఎలా ఉందో ఫోన్ చెప్పే ఫీడ్‌బ్యాక్‌ని ఏఐతో కుదించడం గురించి 3జీపీపీ రిలీజ్ 18లోనే అధ్యయనం చేసింది. ముందు ఇంటి పని నుంచే మొదలుపెట్టడం మంచి పద్ధతి.

అన్నిటికంటే కష్టం డ్యాష్‌బోర్డ్ దగ్గర వస్తుంది. ఈ పద్ధతి బాగా పనిచేస్తే పంపే జీబీలు తగ్గుతాయి, గ్రాఫ్ కిందికి దిగుతుంది, జీబీకి ఇంత అని వసూలు చేసే కంపెనీకి అది నష్టంలా కనిపిస్తుంది. ఎన్ని నిర్ణయాలు సమయానికి సరిగ్గా జరిగాయి అన్న కొలత పక్కనే పెట్టకపోతే, మంచి మార్పుని మనమే వెనక్కి తిప్పేస్తాం.

6జీలో ఇది వచ్చేస్తుందా?

ఐక్యరాజ్య సమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023 నవంబరులో ఐఎమ్‌టీ-2030 (6జీకి అది పెట్టిన పేరు) చట్రాన్ని ఆమోదించింది. అందులో ఆరు వాడుక రంగాలున్నాయి, ఏఐతో కలిసిన కమ్యూనికేషన్, సెన్సింగ్‌తో కలిసిన కమ్యూనికేషన్ వాటిలో ఉన్నాయి. సెమాంటిక్ అన్నది విడిగా ఒక రంగం కాదు. పీడీయూ సెట్ లాంటి చిన్న చిన్న ముక్కలుగా ముందు వస్తుందని, మోడల్‌తో మోడల్ మాట్లాడుకునే పద్ధతి ఒకే యజమాని చేతిలో రెండు చివరలూ ఉన్న ఫ్యాక్టరీల వంటి చోట మొదట నిలదొక్కుకుంటుందని నా అంచనా.

మాది చిన్న టీమ్, 6జీ దాకా ఆగలేం. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆగక్కర్లేదు. ఒక కాగితం మీద మీ పరికరాలు పంపే సందేశాల రకాలన్నీ రాయండి, ప్రతిదాని పక్కనా ఇది చూసి ఎవరు ఏం చేస్తారు, ఎంత ఆలస్యమైతే ఇక చెయ్యలేరు అని రాయండి. ఎవరు ఏం చేస్తారన్న గడి ఖాళీగా మిగిలిన సందేశాలు మీరు ఊహించినదానికంటే ఎక్కువే ఉంటాయి, వాటిని గంటకోసారికి మార్చండి. మీరు ఎమ్‌క్యూటీటీ 5 (పరికరాల సందేశాలు మోసే ప్రోటోకాల్) వాడుతుంటే మెసేజ్ ఎక్స్‌పైరీ అందులోనే ఉంది, గడువు దాటిన సందేశాన్ని బ్రోకరే, అంటే మధ్యలో సందేశాలు పంచే సర్వరే, వదిలేస్తుంది. పరికరంలో క్యూలు రెండు చెయ్యండి, అలారాలకి ఒకటి, రీడింగులకి ఇంకోటి, రీడింగుల క్యూలో కొత్తది ముందు వెళ్ళేలా పెట్టండి. హార్ట్‌బీట్ మర్చిపోకండి. ఇదంతా అయ్యాక లింకుని మీ చేత్తోనే ఇరవై నిమిషాలు ఆపి, ఆ మధ్యలో ఒక అలారం మోగించి, లింకు తిరిగొచ్చాక ముందు ఏ ప్యాకెట్ బయటికి వస్తుందో చూడండి.